ప్రహరీ గోడతో మొదలుపెట్టండి: సైట్ ఇంజనీరుకి మొత్తం పని అప్పజెప్పడం ఎలా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పది పదిహేను మంది ఇంజనీర్లతో నడిచే కాంట్రాక్టు సంస్థ ఏదైనా తీసుకోండి. ఐదారేళ్లు సైటులో నలిగిన ఇంజనీరు ఒకరైనా ఉంటారు. రాడ్డు వంపు చూడగానే తప్పు పట్టేస్తారు. కాంక్రీటు చేత్తో తీసి, నీళ్లెక్కువయ్యాయని చెప్పేస్తారు. అదే మనిషిని "వచ్చే గురువారం నీ పని దేనివల్ల ఆగుతుంది?" అని అడగండి, తెల్లమొహం వేస్తారు. తెలివి లేక కాదు. ఆ ప్రశ్నతో ఇంతవరకు అవసరం పడలేదు. సామాను ఆఫీసు పంపింది, కూలీల ముఠాతో సీనియర్ మాట్లాడాడు, బిల్లు ఇంకెవరో పెట్టారు. ఈయన స్లాబులు వేయించాడు, అంతే.

పెద్ద సైటులో పడేస్తే వాళ్లే ఎదుగుతారని చాలామంది లెక్క. భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టు లాంటి చోట పని అంత పెద్దది కాబట్టి మనిషికో ముక్క పంచక తప్పదు. అక్కడ నాణ్యత, భద్రత, కాగితం పద్ధతి బాగా వంటబడతాయి, కాదనలేం. కానీ ఒక పనిని ముగ్గు దగ్గర నుంచి తుది బిల్లు దాకా మోసే అలవాటు చిన్న పనిలోనే వస్తుంది, అదీ ఆ చిన్న పని మొత్తం వాళ్ల చేతిలో ఉంటేనే. యాభై కోట్ల పనిలో ఒక ముక్క కన్నా పది లక్షల పని పూర్తిగా ఇస్తే ఎక్కువ నేర్చుకుంటారు.

ఈ మాట కొత్తదేం కాదు. అమెరికాలో సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ అనే సంస్థ 1980లలో పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లని "మీరు ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగితే, కష్టమైన పని నెత్తిన పడ్డప్పుడేనని ఎక్కువమంది చెప్పారు. 70-20-10 లెక్క పుట్టింది అక్కడి నుంచే: 70 వంతులు పనిలో, 20 తోటివాళ్ల వల్ల, 10 తరగతిలో. ఆ అంకెలకి అంత పట్టింపు అక్కర్లేదు, జనం గుర్తుచేసుకుని చెప్పినవి అవి. ప్రాజెక్టు మేనేజర్లకి ఇచ్చే పీఎంపీ సర్టిఫికెట్‌కి కూడా నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లు ప్రాజెక్టులు నడిపిన 36 నెలల అనుభవం చూపించాలి. అంటే పరీక్ష ఫీజు కట్టకముందే ఎవరో ఒకరు నమ్మి పని ఇచ్చి ఉండాలి.

ప్రహరీ గోడలో ఏముంది

మొదటి పనిగా ప్రహరీ గోడ ఇస్తే చాలామంది చిన్నబుచ్చుకుంటారు. "గోడ కట్టించడానికి బీటెక్ దేనికి?" అంటారు. అందులో ఏమేం ఉన్నాయో కాగితం మీద పెట్టి చూపించండి.

ఒకవైపు తిన్నగా 120 మీటర్ల గోడ అనుకుందాం. 3 మీటర్లకో స్తంభం. 40 అనుకుంటారు, 41 వస్తాయి. ఈ ఒక్కటి తప్పితే రాడ్డు, పునాది, బాక్సుల లెక్కలన్నీ తప్పుతాయి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, 1.2 మీటర్ల లోతు గుంతలయితే తవ్వకం సుమారు 49 ఘనపు మీటర్లు. అడుగున 10 సెంటీమీటర్ల బెడ్ కాంక్రీటు 4.1 ఘనపు మీటర్లు. ఇంతవరకు కాలేజీ లెక్కే.

అసలు పాఠం స్తంభాల సెంట్రింగ్ దగ్గర ఉంది. మేస్త్రి దగ్గర స్తంభం చుట్టూ బిగించి కాంక్రీటు పోసే పలకల బాక్సులు 8 ఉన్నాయి. నిలువు పలకలు 16 నుంచి 24 గంటల తర్వాత ఊడదీయొచ్చని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఊడదీసి, శుభ్రం చేసి, నూనె రాసి, పక్క స్తంభానికి బిగించి, తూకం చూసి మళ్లీ పోయాలంటే ఒక్కో విడతకి రెండు రోజులు. 41 స్తంభాలకి 8 బాక్సులతో 6 విడతలు, 12 రోజులు. ఇంకో 6 బాక్సులు అద్దెకి తెస్తే 14. అప్పుడు 3 విడతలు, 6 రోజులు. అద్దె ఎక్కువా, ఆ 6 రోజుల మిక్సర్ అద్దె, వాచ్‌మన్ కూలి, సూపర్‌వైజర్ జీతం ఎక్కువా? ఈ లెక్క తనంతట తాను వేసినవాళ్లు ప్రాజెక్టు మేనేజరు దారిలో పడ్డట్టే.

అక్కడితో అయిపోలేదు. 14 బాక్సులు తెచ్చారు సరే, రెండు రోజులకి 14 స్తంభాల రాడ్డు వంచి కట్టే మనుషులు ఉన్నారా? లేకపోతే అద్దె బాక్సులు ఎండలో పడి ఉంటాయి. బాక్సుల కొరత తీర్చారు, పని రాడ్డు కట్టేవాడి దగ్గర ఆగింది. ఒక చోట అడ్డు తీస్తే పని ఇంకో చోట ఆగుతుందని ఎంత బోధించినా ఎక్కదు. ఖాళీ బాక్సుల పక్కన ఒక పూట నిలబడితే చాలు.

ఇటుక కూడా అంతే. మీటరున్నర ఎత్తు, 23 సెంటీమీటర్ల మందం గోడకి స్తంభాలు తీసేస్తే 38 ఘనపు మీటర్ల కట్టుబడి. ఇటుక కొలతని బట్టి 16 వేలు కావాలా, 19 వేలు కావాలా అన్నది మారిపోతుంది. బట్టీ దగ్గర ఒక ఇటుక కొలవకుండా ఆర్డరు ఇస్తే మూడు వేల ఇటుక తేడా. వెయ్యికి ధర ఎంతని బేరమాడి గెలిచానని వచ్చినవాళ్లని, ఒక ఘనపు మీటరు గోడకి ఎంత పడిందని అడగండి.

ఇవన్నీ సైటు లోపలివి. గోడ పనిలో పెద్ద కష్టం గీత అవతల ఉంటుంది. హద్దు రాయి ఎక్కడుంది? సర్వే కొలత పక్క రైతు ముందు జరిగిందా? గట్టు మీద తాటిచెట్టు ఎవరిది? వాననీరు ఇప్పుడు ఎటు పోతోంది, గోడ వచ్చాక ఎటు పోతుంది? ముగ్గు వేసిన మర్నాడు పక్కవాళ్లొచ్చి "మా మూరెడు నేల తినేసినారు" అంటే డ్రాయింగు అక్కరకి రాదు. కొలత నాడే పక్కవాళ్లని, ఊళ్లో ఒక పెద్దమనిషిని నిలబెట్టి సంతకం తీసుకోవాలి. అది ముందు తట్టడమే పని నడపడం.

వరసలో కరెంటు స్తంభం అడ్డొచ్చిందనుకోండి. ఈపీడీసీఎల్‌కి అర్జీ, వాళ్ల ఎస్టిమేటు, డబ్బు కట్టడం, లైను ఆపే రోజు కుదరడం: ఏదీ మన చేతిలో లేదు. మన చేతిలో లేని పని మొదటి రోజే మొదలవ్వాలి. కొత్తవాళ్లు దీన్ని తలకిందులు చేస్తారు. చేతిలో ఉన్నది కాబట్టి గుంతలు ముందు తవ్వించేస్తారు, అర్జీ మూడో వారంలో పెడతారు. ఈ తప్పుని ఒక్కసారి చేయనివ్వండి. గోడలో అయితే నష్టం రెండు స్తంభాల ఖాళీ. ఆసుపత్రి భవనంలో ఇదే తప్పు ఆరు నెలలు తింటుంది.

రోజుల అంచనా కూడా వాళ్లే వేయాలి. ఒకే అంకె చెబితే ఒప్పుకోవద్దు, మూడు అడగండి: అన్నీ కలిసొస్తే ఎన్ని, మామూలుగా ఎన్ని, అన్నీ ఎదురుతిరిగితే ఎన్ని. పూత పనికి 6, 8, 16 అన్నారనుకుందాం. మధ్య అంకెని నాలుగుతో హెచ్చవేసి, మూడూ కలిపి ఆరుతో భాగిస్తే 9. అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణుల కోసం 1958లో తెచ్చిన పెర్ట్ పద్ధతి ఇది. సూత్రం కన్నా 16 అనే అంకె ఎందుకు చెప్పారో అడగడమే లాభం. జవాబులో ఇసుక, మనుషులు, నీళ్లు, అన్నీ బయటికొస్తాయి.

మొదలుపెట్టే ముందు ఇంకో అరగంట. గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన ఉపాయం ఇది: "ఈ గోడ రెండు నెలలు ఆలస్యమైపోయింది అనుకో, ఎందుకయిందో రాయి." జరగొచ్చు అని కాదు, జరిగిపోయింది అని. మేస్త్రిని కూడా కూర్చోబెట్టండి. ఇంజనీరు రాయని కారణం ఆయన నోట వస్తుంది: "ఉభాలొచ్చేస్తే మావోల్లు ఒక్కడూ రాడు బాబూ." ఉభాలంటే వరి నాట్లు.

రెండో మెట్టు: జరగని తేదీ

గోడ ఆలస్యమైతే యజమాని కసురుకుంటాడు, అంతే. రెండో పనికి గడువు జరగకూడదు. మన జిల్లాల్లో దానికి కాలువ లైనింగు, అంటే కాలువ లోపల వేసే కాంక్రీటు పొర, మరమ్మతుని మించింది లేదు. గొట్టా బ్యారేజీ కింద వంశధార కాలువలు గానీ, తోటపల్లి కింద నాగావళి కాలువలు గానీ, ఖరీఫ్‌కి నీళ్లు వదిలాక బతిమాలినా పని సాగదు.

ఇక్కడ నేర్పాల్సింది వెనక నుంచి లెక్క. జులై 1న నీళ్లు అనుకుందాం. బూడిద కలిసిన పీపీసీ సిమెంటు, ఎండాకాలం: పోసిన కాంక్రీటుకి నీళ్లు కొట్టడానికి 14 రోజులు. అంటే ఆఖరి పోత జూన్ 16. 900 మీటర్లు, రోజుకి 30 చొప్పున 30 పోత రోజులు. వానకి, ఆదివారాలకి 6 కలిపితే మే 12కి మొదటి పోత పడాలి. ఒండ్రు తీసి గట్లు చెక్కే పని పోత కన్నా 8 రోజులు ముందుండాలి: మే 4. సామాను దించడానికి, దారి వేయడానికి 5 రోజులు: ఏప్రిల్ 29. "ఎండాకాలం అంతా ఉంది కదా" అన్న మాట ఈ కాగితం ముందు నిలబడదు. పైగా మామూలుగా జూన్ రెండో వారానికల్లా రుతుపవనాలు ఇటొచ్చేస్తాయి, అంటే ఆఖరి వారం పోతలు మబ్బుల కిందే.

తప్పేది ఎక్కడంటే, రోజుకి 30 మీటర్లు మొదటి రోజు నుంచే వస్తుందనుకోవడంలో. మొదటి వారం 15 కూడా రాదు, ముఠాకి చెయ్యి కుదరాలి. ఇంకోటి ఊట. పైన ఎండిన కాలువ అడుగున పల్లం చోట్ల నీరు ఊరుతూనే ఉంటుంది. తడి మట్టి మీద పోస్తే లైనింగు కుంగి పగులుతుంది. మూడోది రైతుల దాటుళ్లు: ఎడ్ల బండి, ట్రాక్టరు దాటే చోట ముందే మాట్లాడుకోకపోతే పచ్చి కాంక్రీటు మీద చక్రాల అచ్చులు పడతాయి.

మూడో రకం పని, ఆగిపోయినదాన్ని చేపట్టడం. సగంలో వదిలేసిన బడి గదులో, కల్యాణ మండపమో. ఇందులో మొదటి వారం తట్ట మట్టి కూడా ఎత్తకూడదన్నదే నియమం. ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) రాసింది, నేల మీద ఉన్నది పక్కపక్కన పెట్టి కొలవాలి. ఎవరికెంత బాకీ ఉందో పాత మేస్త్రిని, సిమెంటు కొట్టుని, రాడ్డు కొట్టుని విడివిడిగా అడగాలి. వానకి తడిసిన రాడ్డు, గట్టిపడ్డ సిమెంటు బస్తాలు ఎన్నో లెక్కపెట్టాలి. ఆతృతగా దిగినవాళ్లు పాత బాకీలు తమ నెత్తిన వేసుకుంటారు. ఈ పని రెండేళ్లలోపు వాళ్లకి ఇవ్వొద్దు. కొలతలు తేలకపోతే మొహమాటం లేకుండా అడిగే ధైర్యం కావాలి.

ఒక పేజీ కాగితం

బాధ్యత ఇచ్చి చేతులు కట్టేయడం మన దగ్గర మహా మామూలు. "నువ్వే చూసుకో" అంటారు, ఒక కట్ట బైండింగ్ వైరు కొనాలన్నా ఆఫీసుకి ఫోను చేయాలి. పని ఇచ్చిన రోజే తెలుగులో ఒక పేజీ రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోవాలి. ఇవి ఉంటే చాలు: ఏం పూర్తవ్వాలి, ఏ తేదీకి, ఎంత డబ్బులో. అడగకుండా ఎంతవరకు కొనొచ్చు (గోడ పనికి ఒక్కోసారికి 25 వేలు సరిపోతుంది). ముఠాని మార్చే అధికారం, నాణ్యత బాగోకపోతే పని ఆపే అధికారం తనదే. డ్రాయింగు మార్పు, కొత్త సబ్‌కాంట్రాక్టరు మాత్రం అడిగే చేయాలి. ఎప్పుడు కబురు పెట్టాలి: మూడు రోజులు వెనకబడితే, ఖర్చు అనుకున్నదానికి 5 శాతం దాటితే. ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ గంటలోనే.

కాగితం ఇచ్చాక దాన్ని చెడగొట్టేది మీ ఫోనే. మేస్త్రికి పాత అలవాటు, ఏదొచ్చినా మీకే చేస్తాడు. "మీ బాబు ఇలాగంటన్నారు, మీరేటంటారు?" అని. మీరు జవాబు చెప్పిన మొదటిసారే ఆ కాగితం చిత్తు కాగితం. "ఆవిణ్ణే అడుగు", "ఆయన్నే అడుగు": ఈ రెండు మాటలు తప్ప ఇంకేం అనకండి. శనివారం బటవాడా కూడా వాళ్ల చేతులమీదుగానే జరగాలి. కూలి ఎవరిస్తే మాట వాళ్లది.

పాత పని తగ్గించకుండా కొత్తది నెత్తిన పెట్టడం ఇంకో జబ్బు. గోడ అప్పజెప్పిన మనిషి దగ్గర రోజులో కనీసం మూడో వంతు ఖాళీ చేయాలి. లేకపోతే అది పెంచడం కాదు, రెండు జీతాల పని ఒక జీతానికి చేయించుకోవడం. అలాగే సరిపడా మనుషులు, డబ్బు లేకుండా ఇచ్చిన పని కష్టంగా ఉంటుంది గానీ అందులో నేర్చుకునేది అప్పులవాళ్లకి సాకులు చెప్పడమే.

ఎప్పుడు చెయ్యి పెట్టాలి

వారానికి ఒక్కసారి, అరగంట, సైటులోనే. మూడు ప్రశ్నలు: ఏం అనుకున్నావు, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది. నాలుగోది మీ సలహా, అది అడిగితేనే. వాళ్లు ఒక నోటుబుక్కు రాయాలి: తేదీ, తీసుకున్న నిర్ణయం, దానివల్ల ఏం జరుగుతుందనుకున్నారు. నెల తిరిగాక అదే పేజీ తీసి ఏం జరిగిందో పక్కన రాయాలి. ఇది లేకపోతే బాగా జరిగినవన్నీ మన తెలివి, చెడినవన్నీ వాన వల్ల అయిపోతాయి.

పని జారుతోందని కనిపించగానే లాగేసుకోవద్దు. ముందు ప్రశ్న అడగండి. అందకపోతే ఎక్కడ చూడాలో చెప్పండి. అదీ కాకపోతే పక్కన కూర్చుని ఒక రోజు ప్లాను వేయించండి. ఆఖరికి తప్పకపోతే ఒక్క ముక్క తీసుకోండి, తేదీతో సహా: "సరఫరాదారుతో బేరం నేను చూస్తాను, పదో తేదీ వరకు. మిగతాదంతా నీదే." ముఠా ముందు కాదు, పక్కకి పిలిచి. మొత్తం పని ఒకసారి లాక్కుంటే ఆ మనిషి తర్వాతి పనిలో ప్రతిదానికీ అడుగుతారు, అప్పుడు మీరే "చొరవ లేదు" అంటారు.

వెంటనే చెయ్యి పెట్టాల్సినవి ఉన్నాయి. మనిషి లోతు గుంతలో ఊతం లేకుండా జనం దిగితే. 4.5 మీటర్ల లోపు స్పాను ఉన్న స్లాబుకి 7 రోజులు, ఆ పైన 14 రోజులు కాకుండా కింద నిలబెట్టిన పోటీలు (ఊత కర్రలు) తీస్తుంటే. అక్కడ పాఠాలు లేవు, పని ఆపించడమే.

ఎవరికి ఇవ్వాలన్నదాంట్లో కూడా మన చూపు వంకరే. గట్టిగా మాట్లాడే కుర్రాడే కంటికి ఆనతాడు. బిల్లింగు సెక్షనులో మూడేళ్లుగా కూర్చున్న అమ్మాయికి ఏ ముఠా ఎంత చేస్తుందో, ఏ కొట్టువాడు తూకంలో మోసం చేస్తాడో అంకెలతో తెలుసు. "రాత్రి పోతలుంటాయి కదమ్మా" అని సైటుకి పంపరు. పోత పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టేలా ప్లాను వేసుకోవచ్చు. సైటులో తాళం పడే మరుగుదొడ్డి ఒకటి, ఇంటి దాకా బండి ఒకటి ఉంటే మిగతాది తను చూసుకుంటుంది. ఇక అందరూ మేనేజరు కావాలనుకోరు. లెవెల్స్ చూడటంలో చెయ్యి తిరిగినవాణ్ణి బలవంతంగా లాక్కొస్తే మంచి సర్వేయరు పోతాడు, ఓ మోస్తరు మేనేజరు మిగులుతాడు.

ఏ నెలలో ఇస్తున్నారో చూసుకోండి. అక్టోబరు వద్దు: ఫైలిన్ 2013లో 12న, హుద్‌హుద్ 2014లో 12న, తిత్లీ 2018లో 11న తీరం దాటాయి. మొదటి పనికి అంత పరీక్ష అనవసరం. జులై, ఆగస్టుల్లో ఉభాలు, నవంబరు, డిసెంబరుల్లో కోతలు, మనుషులు దొరకరు. సంకురాత్రికి ఊరెళ్లిన ముఠా తిరిగి కుదురుకునేసరికి జనవరి 20. అక్కడి నుంచి 45 రోజుల గోడ, పది రోజులు అటూఇటూ అయినా మార్చి 15కి పూర్తవుతుంది. కాలువ పని సామాను ఏప్రిల్ 29న దిగాలి కాబట్టి మధ్యలో ఆరు వారాలు. మొదటి వారం గోడ లెక్కలు మూయడానికి: అనుకున్న సిమెంటు బస్తాలెన్ని, పట్టినవెన్ని, తేడా ఎక్కడ. రెండో వారం సెలవు. జీతం పెంపు మాట కూడా అప్పుడే తేల్చేయండి, కాలువ కాగితం మీద సంతకం అడగకముందే.